పది కప్పులు, జీతం సున్నా

ప్రశ్న: అన్నా, డబ్లిన్‌లో ఉండే మా బావమరిది మొన్న ఊరికొచ్చినప్పుడు ఫోన్‌లో హర్లింగ్ ఆట చూపించిండు. హెన్రీ షెఫ్లిన్ అనే ఆయన పది కప్పులు గెలిచినా ఆటకు జీతం లేదంటాడు. కోతలేనా? - ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కోతలు కాదు తమ్ముడూ, నిజమే. మన చిర్రగోనెకు హాకీని కలిపి పదింతలు స్పీడు పెంచితే ఎట్లుంటదో అట్లుంటది ఐర్లాండ్ వాళ్ల ఈ హర్లింగ్. జట్టుకు 15 మంది, చేతిలో యాష్ చెట్టు కర్ర, బంతి గోల్ స్తంభాల మధ్య అడ్డకర్ర కిందనుంచి పోతే మూడు పాయింట్లు, పైనుంచి పోతే ఒకటి. అయితే ఎంత మొనగాడైనా అక్కడ ఆటకు జీతముండదు, షెఫ్లిన్ కూడా బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే 1999 నుంచి కిల్కెన్నీ జిల్లా జట్టుకు ఆడాడు. జిల్లా జట్లు పోటీపడే దేశపు పెద్ద కప్పు, అంటే ఆల్ ఐర్లాండ్ టైటిళ్లు పది, ఉత్తమ ఆటగాడి అవార్డు 2002, 2006, 2012లో మూడుసార్లు.

నాకైతే గెలుపులకన్నా 2010 ఫైనలే ఎక్కువ గుర్తు. వరసగా ఐదో కప్పు కోసం కిల్కెన్నీకి టిప్పరరీ జిల్లా జట్టుతో పోటీ. సెమీస్‌లో షెఫ్లిన్‌కు మోకాలి లిగమెంట్ తెగింది, నెల కూడా కాకముందే మైదానంలోకి దిగాడు, పావుగంట తిరక్కుండానే కుంటుకుంటూ బయటికొచ్చాడు. జట్టు ఓడింది. డాక్టరు వద్దన్నా కబడ్డీకి దిగే మనోళ్ల మొండితనమే అది! మళ్లీ లేచి ఇంకో మూడు కప్పులు గెలిచి 2015 మార్చిలో రిటైరయ్యాడు, తర్వాత సొంతూరి క్లబ్ బాలీహేల్‌కు, ఆపై గాల్వే జట్టుకు మేనేజర్‌గా పనిచేశాడు.