ఓనరు అంకుల్ షెడ్డులో యెజ్డీ ఉంది, కొనమంటారా?

"అన్నా, మాది కర్నూలు దగ్గర పల్లెటూరు. బెంగళూరు వచ్చి ఎనిమిది నెలలైంది. మడివాళలో ఫ్రెండ్‌తో కలిసి రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. మా ఓనరు అంకుల్ షెడ్డులో 1989 మోడల్ యెజ్డీ రోడ్‌కింగ్ బైకు పడి ఉంది. పదేళ్లుగా కదల్లేదట. నలభై ఐదు వేలు చెబుతున్నారు. శని, ఆదివారాల్లో నేనే బాగు చేసుకుందామని ఆశ. కొనమంటారా?"

తమ్ముడూ, ఈ ప్రశ్న ఏడాదికి ముగ్గురు నలుగురైనా అడుగుతారు. బండి పేరే మారుతుంది. ఒకరికి ఆర్‌ఎక్స్ 100, ఇంకొకరికి పాత బుల్లెట్, నీకు యెజ్డీ. నేను ఈ ఊరొచ్చి పందొమ్మిదేళ్లు. పాస్‌పోర్టు లేకుండానే ఎన్నారై అయిపోయిన బాపతు. ఇక్కడ రెండు పాత బండ్లు కొన్నాను. ఒకటి ఇప్పటికీ నడుస్తోంది, రెండోది రోడ్డెక్కనే లేదు. నీకు పనికొచ్చేది ఆ రెండోదాని కథే.

2011లో హోసూరు రోడ్డు పక్క సందులో ఒక ఇంటి ముందు టార్పాలిన్ కింద యెజ్డీ కనిపించింది. ఏపీ నంబరు. ప్లేటు చూడగానే సగం మనసు అక్కడే పోయింది. అమ్మే ఆయన తెలుగాయన, మా పక్క జిల్లా. కాఫీ ఇప్పించాడు. మా ఊళ్లో ఆయనకు తెలిసినవాళ్లు, ఆయన ఊళ్లో నాకు తెలిసినవాళ్లు అంటూ గంట గడిచిపోయింది. పద్దెనిమిది వేలకు బేరం కుదిరింది. "కాగితాలు ఊళ్లో ఉన్నాయి బాబూ, వచ్చే నెల వెళ్లినప్పుడు తెస్తా" అన్నాడు. మనవాడే కదా అని డబ్బు మొత్తం చేతిలో పెట్టి బండి తోసుకొచ్చాను.

కాగితాలు నాలుగు నెలలకు వచ్చాయి. ఆర్‌సీ ఆయన పేరు మీద లేదు, ఆయనకు అమ్మినవాడి పేరు మీదా లేదు. అంతకు ముందెప్పుడో చనిపోయిన ఒక రైతు పేరు మీద ఉంది. పైగా ఫైనాన్స్ అప్పు తీరినట్టు అందులో ఎక్కడా లేదు. అప్పిచ్చిన సంస్థ మూతపడి ఏళ్లయింది. ఈ నాలుగు నెలల్లో నేనేం చేశాననుకున్నావు? ఇంజన్ దింపించి అరిగిన సిలిండరుకు బోరు కొట్టించాను, రంగు వేయించాను. నోటు పుస్తకంలో రాసుకున్న లెక్క అరవై ఒక్క వేల దగ్గర ఆగింది. ఆఖరికి బండిని ముక్కలుగా విడదీసి స్పేర్లు కావాల్సినవాళ్లకు ఇచ్చేశాను. ట్యాంకు ఒక్కటి మిగిలింది. మా ఆవిడ దాని పక్కన మనీప్లాంట్ కుండీ పెట్టింది.

కొత్త ఊళ్లో మన భాష వినబడితే చెవి మెత్తబడుతుంది. అది తప్పని అనను. కానీ ఆర్‌సీకి భాష తెలియదు.

అందుకని నీ యెజ్డీ దగ్గరికి వెళ్లినప్పుడు ఇంజన్ మాట తర్వాత ఎత్తు. ముందు ఆర్‌సీ చూపించమను. 1989 బండి కాబట్టి అది కార్డు కాదు, నలిగిపోయిన చిన్న పుస్తకం అయ్యుంటుంది. అందులో ఉన్నది ఓనరు అంకుల్ పేరేనా? ఆయన నాన్నగారిదైతే, వారు లేకపోతే, ముందు వారసుల పేరుకు మార్చాలి. దానికి ఫారం 31, మిగతా వారసుల ఒప్పుదల కావాలి. అన్నదమ్ముల మధ్య మాటల్లేని ఇల్లైతే ఆ సంతకాలు నీ జీవితకాలంలో రావు. అప్పు మీద కొన్న బండైతే బ్యాంకు ఇచ్చిన నో-డ్యూ కాగితం, ఫారం 35 అడుగు. ఇవన్నీ ఉంటేనే మామూలు అమ్మకం ఫారాలు 29, 30 దాకా వస్తాం.

తర్వాత ఆ నంబరు ప్రభుత్వ రవాణా శాఖ పరివాహన్ సైట్లో కొట్టి చూడు. చాలా పాత బండ్ల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కలేదు. అప్పుడు ఆ నంబరు ఇచ్చిన ఆర్‌టీఓ ఆఫీసుకే వెళ్లి ఎక్కించుకోవాలి. దాన్ని బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. అది కోరమంగళ ఆఫీసైతే సరే, బీదర్ దాకా వెళ్లాల్సి వస్తే లీవు పెట్టుకోవాలి. రికార్డు కనబడి, అందులో 'ఎన్ఓసీ ఇచ్చారు' (అంటే బండిని వేరే ఆర్‌టీఓకు మార్చుకోవడానికి అనుమతి ఇచ్చేశారని) అనో 'రద్దు' అనో ఉంటే మాత్రం ఇక బండి వైపు చూడకు. నీళ్లు తాగి ఇంటికొచ్చెయ్.

ఆర్‌సీ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. నీ లెక్క ప్రకారం బండి 2004లో మొదటిసారి, తర్వాత 2009, 2014లలో రెన్యువల్ అయి, 2019లో ఆగిపోయి ఉంటుంది. 15 ఏళ్లు దాటిన బైకు రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి వెయ్యి రూపాయలు చేశారు. 20 ఏళ్లు దాటితే రెండు వేలని 2025 ఆగస్టులో మార్చారు. అది పెద్ద మాట కాదు. ఆలస్యానికి నెలకు 300 అదనం, అదీ అసలు దెబ్బ. ఏడాదికి 3,600. రెన్యువల్ చేయించకుండా ఎన్నేళ్లు నిలబెడితే అంత బరువు. బేరం ఆడేటప్పుడు ఈ లెక్క కాగితం మీద వేసి అంకుల్ ముందు పెట్టు, మొహమాటపడకు. అరవై వేలు జీతం తెచ్చుకునే కుర్రాడు మూడు వేలకు బేరమాడతాడేంటి అనుకుంటారేమోనని మనకు ఒక జబ్బు ఉంది.

ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ చాలు. 150 నుంచి 350 సీసీ మధ్య బండికి ఏడాదికి 1,366, పైన పన్ను. పొల్యూషన్ సర్టిఫికెట్టు, కొత్త రకం నంబరు ప్లేటు ఉండనే ఉన్నాయి. ఇవి ఒకట్రెండు రోజుల పనులు.

మన వైపు నుంచి తెచ్చే బండ్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. తాతగారి రాజ్‌దూత్ ఊళ్లో ఉంది, తెచ్చుకుంటానంటే తెచ్చుకో. కాగితాలు ఇంట్లోవే కాబట్టి అదే మేలు కూడా. కానీ పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే కర్ణాటక నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే ఫారం 28, ఇక్కడ లైఫ్ ట్యాక్స్. ఎన్ఓసీ పని పండక్కి ఊరెళ్లినప్పుడు పెట్టుకుంటే ఆఫీసుకు సెలవు. ఆ తప్పు నేను రెండుసార్లు చేశాను.

కాగితాలు సరిగ్గా ఉన్నాయనుకుందాం. ఇప్పుడు బండి చూద్దాం. ఒక టార్చి, పెన్సిల్, తెల్లకాగితం, పాత గుడ్డ, ప్లగ్గు స్పానరు పట్టుకెళ్లు. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు అంకుల్" అని ముందే చెప్పు. పదేళ్లు కదలని ఇంజన్ను ఉత్త ఉత్సాహంతో కిక్కు కొడితే, లోపల తుప్పుతో అతుక్కున్న రింగులు బోరును గీసేస్తాయి. నడుస్తున్న బండి చూడ్డానికి వెళ్లినా అంతే, ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే ఎవరో దాన్ని బతిమాలి లేపారన్నమాట.

హ్యాండిల్ మెడ దగ్గర ఛాసిస్ నంబరు ఉంటుంది. గుడ్డతో మురికి తుడిచి, కాగితం ఆనించి, పెన్సిల్‌తో అడ్డంగా రుద్దు. అంకెలు ఒకటొకటిగా తెల్లగా తేలతాయి. ఆర్‌సీలో ఉన్నదానితో ఒక్కో అంకె సరిపోల్చు. వరస వంకరగా ఉన్నా, ఒక అంకె మిగతావాటికంటే లోతుగా దిగినా, ఆ చోట మాత్రమే లోహం అరగదీసినట్టు నున్నగా ఉన్నా అది మళ్లీ కొట్టిన నంబరు. ఇంజన్ కేసు మీది నంబరుకూ ఇదే పరీక్ష. అది ఆర్‌సీతో కలవకపోతే ఏదో కాలంలో ఇంజన్ మారింది.

యెజ్డీలో ఎడమ పక్క లివరు ఒకటే. గేరూ అదే, కిక్కూ అదే. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు రాడ్డవుతుంది. అది తిరిగే చోట వదులు ఉందో లేదో చేత్తో ఆడించి చూడు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి రెండు చెంచాల టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్లకు పెట్రోల్లో కలిపేది) పోసి, ఒక రాత్రి వదిలెయ్యమని అడుగు. మర్నాడు గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు. పిస్టన్ కదిలితే సగం టెన్షన్ పోతుంది. కదలకపోయినా బండి చచ్చినట్టు కాదు, ధర చావాలి.

ట్యాంకు మూత తీసి టార్చి వెయ్యి. అడుగున ఎర్రటి పొడి ఉంటే కడిగించొచ్చు, వెలుతురు బయటికి కనబడితే మాత్రం కష్టం. సీటు లేపి బ్యాటరీ కింద ఫ్రేము చూడు, ఆసిడ్ కారి తినేసి ఉంటుంది. వైర్లను ఎలుకలు వదిలిపెట్టవు, కొత్త వైరింగ్ ఎలాగూ వేయించాలి కాబట్టి దానికి కంగారు వద్దు. హెడ్‌లైటు డోము విప్పి చూడటం మాత్రం మర్చిపోకు. 2022 సెప్టెంబరు వానలకు బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు బేస్‌మెంట్లు మునిగాయి. మునిగిన బండ్లను బయట బాగా కడిగేస్తారు కానీ డోము లోపల ఎండిన సన్నటి బురద అలాగే ఉండిపోతుంది. మీ ఓనరు షెడ్డు మునగలేదని ఆయన అంటారు, బురద ఏమంటుందో చూడు.

రిపేరు దగ్గర యెజ్డీది ఒక అదృష్టం. ఐడియల్ జావా ఫ్యాక్టరీ మన పక్కనే మైసూరులో ఉండేది. 1961 నుంచి 1996 దాకా బండ్లు అక్కడే తయారయ్యాయి. ఫ్యాక్టరీ పోయింది కానీ ఆ ఇంజన్ విప్పి బిగించిన చేతులు ఈ రెండు ఊళ్లలో ఇంకా ఉన్నాయి. స్పేర్లకు జేసీ రోడ్డు, పాత ఒరిజినల్ ముక్కలకు శివాజీనగర్ గుజరీ, అంటే పాత సామాను బజారు. కొత్తగా తయారుచేసిన నకలు సామాను కూడా దొరుకుతుంది. మెరుపు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. బేరం కన్నడలో మొదలుపెట్టు, "ఎష్టాగుత్తె అణ్ణా" అంటే చాలు, ముఖం విప్పారుతుంది. శివాజీనగర్లో అయితే కర్నూలు ఉర్దూ కూడా పనికొస్తుంది. జూలై రెండో ఆదివారం జావా-యెజ్డీ డే, ఆ రోజు ఇక్కడ బండ్లన్నీ ఒకచోట చేరతాయి. కుదిరితే కొనకముందే వెళ్లి, బాగున్న రోడ్‌కింగ్ శబ్దం ఎలా ఉంటుందో చెవినేసుకుని రా.

ఈ ఇంజన్లో జేబుకు చిల్లు పెట్టేది క్రాంకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు. పక్కల ఉండే ఆయిల్ సీళ్లు ఎండి పగిలితే గేరుబాక్సు ఆయిల్ లోపలికి లాక్కుని కాల్చేస్తుంది. పొగ ఆగనే ఆగదు. సీలు ఖరీదు పెద్దదేం కాదు, బిగించడానికి మాత్రం ఇంజన్ దింపాలి. దింపాక బేరింగులు కూడా మార్చకుండా మూస్తే బుద్ధి తక్కువ. బోరు ఇదివరకు ఎన్నిసార్లు కొట్టించారో అడుగు. ఆఖరి సైజు దాకా వెళ్లిపోయి ఉంటే సిలిండరు లోపల కొత్త గొట్టం, అంటే స్లీవ్ వేయించాలి. ఇక బంకుల్లో పోసే పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు పైపులు, ట్యాప్ వాషర్లు అందులో ఉబ్బి పాడవుతాయి, తేమ లాక్కుని ట్యాంకు తుప్పు పడుతుంది. రబ్బరు సామానంతా మొదటి రోజే కొత్తది వేసెయ్. క్రోమ్, రంగు ఆఖర్న. నేను తలకిందులుగా చేశాను.

ఎంత అవుతుందంటే, కొన్న ధర ఎంతో కనీసం అంత పక్కన లేకపోతే మొదలుపెట్టకు. ఇంకో మాట, "ఇంజన్ విప్పే ఉంది సార్, సామానంతా ఉంది" అని బియ్యం సంచుల్లో బండి అమ్మేవాళ్లు తగులుతారు. సగం ధరకే వస్తుందని ఆశపడకు. ఏ ముక్క లేదో తెలిసేది ఆఖరి బోల్టు బిగించేటప్పుడే.

నీ విషయంలో నాకు నిజంగా భయం వేసేది ఇంజన్ కాదు, ఇల్లు. ఈ ఊళ్లో మనం రెండేళ్లకోసారి ఇల్లు మారతాం, ఉద్యోగం మారితే ఏరియానే మారతాం. సగం విప్పిన బండితో ఇల్లు మారడం నేను చూశాను, పాపం, సీటు ఒక ఆటోలో, ఇంజన్ ఇంకో ఆటోలో. కొత్త అపార్ట్‌మెంట్లో పెట్రోలు వాసనకే అసోసియేషన్ నోటీసు వస్తుంది. శని, ఆదివారాలు నీవేనని ఇప్పుడు అనుకుంటున్నావు, ఆఫీసులో మొదటి రిలీజు టైములో తెలుస్తుంది.

కానీ నీకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని నువ్వు గమనించలేదు. అమ్మేవాడికే షెడ్డు ఉంది. అలాగే ఒక చిక్కూ ఉంది. నీ ఇంటి అడ్వాన్సు ఆయన చేతిలోనే ఉంది. బండి డబ్బును ఆ అడ్వాన్సులో కలపనివ్వకు. "తర్వాత చూసుకుందాం లే బాబూ" అన్నా సరే, విడిగా బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకో. సగం ఇప్పుడు, సగం ఆర్‌సీ నీ పేరుకు మారాక. కాగితాలు శుభ్రంగా ఉండి, పిస్టన్ కదిలితే, ముప్పై రెండు దగ్గర మొదలుపెట్టి ముప్పై ఎనిమిదికి ఆగుతాను నేనైతే. ఆఖరి రెండు వేల దగ్గర ఆయన బిగుసుకుంటే వదిలెయ్, వాటికి బదులు షెడ్డు ఏడాదిపాటు వాడుకోనివ్వమని అడుగు. నువ్వు ఇల్లు ఖాళీ చేసినా సరేనని ఒప్పించి, ఆ ముక్క వాట్సాప్‌లో రాయించుకో.