పాఠకుల ప్రశ్నలు: ఉర్బీనో ప్రభువు ఎడమ ముఖం

ప్రశ్న: ఎర్ర టోపీ, ఎర్ర అంగీ వేసుకుని పూర్తిగా పక్కకు తిరిగిన ఒక ఇటలీ ప్రభువు చిత్రపటాన్ని ఈ మధ్య చూశాను. ముక్కు మొదట్లో ఎవరో చెక్కేసినట్టు గంటు ఉంది. ఆయన ఎవరు? ఆ ముక్కు పుట్టుకతోనే అలా ఉందా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఆయన పేరు ఫెదెరికో ద మోంతెఫెల్త్రో. ఇటలీ నడిమధ్య కొండల్లో ఉన్న ఉర్బీనో అనే చిన్న రాజ్యాన్ని 1444 నుంచి 1482లో చనిపోయేవరకు ఏలాడు. ఆ గంటు పుట్టుకతో వచ్చింది కాదు. 1450లో గుర్రాల మీద బల్లేలతో తలపడే వినోదపు పోటీలో దెబ్బ తగిలి ఆయన కుడి కన్ను పోయింది, ముక్కు మొదలు కూడా విరిగింది. మిగిలిన ఎడమ కంటికి కుడివైపు నుంచి వచ్చే శత్రువు కూడా కనబడాలని ఆయనే వైద్యులచేత ముక్కు మొదలు కోయించుకున్నాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

మీరు చూసినది పియెరో దెల్లా ఫ్రాంచెస్కా గీసిన పటం. అది ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది. ఎత్తు 47 సెంటీమీటర్లు, వెడల్పు 33 సెంటీమీటర్లు మాత్రమే. చెంప మీది పులిపిర్లను సైతం వదలకుండా వేసిన ఆ చిత్రకారుడు కన్ను పోయిన వైపును మాత్రం మనకు చూపించలేదు. దానికి జతగా ఫెదెరికో భార్య బత్తిస్తా స్ఫోర్జా పటం ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. ఆమె 1472లో, కొడుకు గుయిదోబాల్దో పుట్టిన కొన్ని నెలలకే, 26 ఏళ్ల వయసులో చనిపోయింది. పటం వెనుక ఆమెను పొగుడుతూ రాసిన లాటిన్ పద్యంలో భూతకాల క్రియ కనిపిస్తుంది కనుక, ఈ బొమ్మ ఆమె పోయిన తరువాతే పూర్తయిందని చాలామంది పండితుల అభిప్రాయం. పాలిపోయిన ఆ ముఖాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది.

ప్రశ్న: ఒక రాజ్యానికి ప్రభువై ఉండి, జీతానికి ఇతరుల యుద్ధాలు చేయడమేమిటి? అలాంటి మనిషి పండితుడెలా అయ్యాడు? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: ఆ కాలపు ఇటలీలో ఫ్లోరెన్స్, మిలాన్, నేపుల్స్, పోప్ రాజ్యం తమ యుద్ధాలను చాలావరకు ఒప్పంద సేనానుల చేత చేయించేవి. ఎందరు గుర్రపు దళంవారు, ఎందరు కాల్బలంవారు, ఎన్ని నెలలు, జీతం ఎంత అన్నవి ముందే పత్రం మీద రాసుకునేవారు. ఆ ఒప్పందానికి ‘కొందొత్తా’ అని పేరు. ఆ పేరునుంచే సేనానికి ‘కొందొత్తియెరో’ అన్న మాట వచ్చింది. ఉర్బీనో కొండనేల పంటలతో ఒక రాజసభను పోషించడం సాధ్యం కాదు కనుక, 16 ఏళ్లకే కత్తి పట్టిన ఫెదెరికో ఆ నాలుగు శక్తులకూ వేర్వేరు కాలాల్లో పనిచేసి, ఆ సంపాదనతో భవనం కట్టించాడు, చిత్రకారులను పిలిపించాడు, పుస్తకాలు రాయించాడు.

చదువు మాంతువా నగరంలో అబ్బింది. చిన్నతనంలో అక్కడ విత్తోరినో ద ఫెల్త్రే పాఠశాలలో లాటిన్‌తో పాటు గణితమూ వ్యాయామమూ నేర్చుకున్నాడు. తరువాత ఆయన కూర్చిన గ్రంథాలయంలో దాదాపు 900 రాతప్రతులు ఉండేవి. వాటిని సమకూర్చిన ఫ్లోరెన్స్ పుస్తక వ్యాపారి వెస్పాసియానో ద బిస్తిచ్చీ, అక్కడ అచ్చు పుస్తకం ఒక్కటీ లేదని, ఉంటే ఆ ప్రభువు సిగ్గుపడేవాడని రాశాడు. ఉర్బీనో భవనంలోని ఆయన చదువుగది గోడలు రంగురంగుల చెక్కముక్కల పొదుగుపనితో నిండి ఉంటాయి. సగం తెరిచిన అలమరలు, వాటిలో పుస్తకాలు, వీణను పోలిన వాద్యం, పండ్ల బుట్ట, పక్కనే ఉడుత, మరొక అలమరలో విప్పి పెట్టిన కవచం. అవన్నీ చదునైన చెక్కే, కానీ చేయి చాపి తలుపు వేయాలనిపించేంత నిజంగా ఉంటాయి. పుస్తకమూ కవచమూ ఒకే గోడలో పక్కపక్కన ఉండటం ఆయన జీవితానికి సరిగ్గా సరిపోయింది.

ఆయన చివరి యుద్ధం ఉత్తర ఇటలీలోని ఫెరారా నగరం కోసం జరిగింది. ఆయన ఒక పక్షానికి సేనాని. ఎదుటి పక్షంలో అల్లుడు రొబెర్తో మలతెస్తా. జ్వరంతో ఫెదెరికో 1482 సెప్టెంబరు 10న కన్నుమూశాడు. అదే రోజున రోమ్‌లో అల్లుడూ చనిపోయాడు.

ప్రశ్న: ఆయనను ఆదర్శ ప్రభువు అంటారు. మీరు అంగీకరిస్తారా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: సగమే అంగీకరిస్తాను. ఉర్బీనో ప్రజలు ఆయనను ప్రేమించి ఉండవచ్చు. బయటివారి అనుభవం వేరు. 1478లో ఫ్లోరెన్స్‌లో, ఆ నగరాన్ని నడిపిస్తున్న లొరెంజో మెదిచీని, అతని తమ్ముడు జూలియానోను చర్చిలోనే పొడవడానికి పాజీ కుటుంబం కుట్ర చేసింది. జూలియానో చనిపోయాడు, లొరెంజో గాయాలతో తప్పించుకున్నాడు. ఆ కుట్రలో ఫెదెరికో కూడా భాగస్వామి అని, 600 మంది సైనికులను నగరం బయట సిద్ధంగా ఉంచాడని తెలిపే, ఆయన సంకేతలిపిలో రాయించిన ఉత్తరాన్ని ఈ శతాబ్ది మొదట్లో చరిత్రకారుడు మార్చెల్లో సిమోనెత్తా విప్పి చూపాడు.

అంతకు ఆరేళ్ల ముందటి వోల్తెర్రా అనే ఊరి సంగతి నన్ను ఇంకా ఎక్కువగా బాధిస్తుంది. పటిక గనుల తగాదాలో ఫ్లోరెన్స్ తరఫున ఆయన ఆ ఊరిని ముట్టడించాడు. ప్రాణాలకూ ఆస్తులకూ భయం లేదన్న మాట మీద జనం తలుపులు తెరిచారు. ఆ మాట నిలవలేదు. సైనికులు ఊరంతా దోచుకున్నారు. అక్కడి ఒక యూదు వర్తకుడి హీబ్రూ పుస్తకాలు ఫెదెరికో గ్రంథాలయానికి చేరాయి. ఆ గ్రంథాలయం 1657లో వాటికన్‌కు తరలిపోయింది. వోల్తెర్రా నుంచి వచ్చిన పెద్ద హీబ్రూ బైబిల్ ఇప్పటికీ అక్కడ, ఉర్బీనో హీబ్రూ పుస్తకాల వరసలో ఒకటో సంఖ్యతో ఉంది.