ఎడారికి మారాక నీరసం, ముక్కులో రక్తం

వానల ప్రాంతం నుంచి ఎడారికి వచ్చి వారమైంది, చెమటే పట్టడం లేదు, అయినా తలనొప్పి, నీరసం, రెండుసార్లు ముక్కులో రక్తం అన్నారు. నేనూ ఇలాగే మారాను, మీ టెన్షన్ నాకు తెలుసు.

చెమట పడుతూనే ఉంది. పొడిగాలికి పుట్టగానే ఆవిరైపోతుంది కాబట్టి మనకు తెలియదు. అందుకే దాహం వేసేదాకా ఆగకండి, రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండండి, భోజనం మానకండి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 1-2 వారాలు పడుతుంది, అప్పటిదాకా మధ్యాహ్నం బయట పనులు వద్దు.

పడుకునే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసుకోండి. రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి. కాస్త ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని 10-15 నిమిషాలు నొక్కి పట్టుకోండి. అరగంటకీ ఆగకపోతే, లేదా మాట తడబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.