బోర్లా పడుకోబెట్టారని భయపడకండి అన్నా

న్యుమోనియా ముదిరి నాన్నగారు తిరుపతిలో ఐసీయూలో ఉన్నారని, ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు ఉన్నట్టుండి తీవ్రంగా దెబ్బతినే స్థితి) అని చెప్పి వెంటిలేటర్ మీదే బోర్లా పడుకోబెట్టారని రాశారు. "అలా ఉంటే ఊపిరెలా ఆడుతుంది, చెన్నైకి తీసుకెళ్లిపోదామా?" అని అడిగారు. ఐసీయూ నర్సుగా చెబుతున్నాను, వాళ్లు చేస్తున్నది సరైన చికిత్సే.

ఈ జబ్బులో ఊపిరితిత్తుల గాలి గదుల్లోకి నీరు చేరుతుంది. వెల్లకిలా ఉంటే గుండె బరువు, పొట్ట ఒత్తిడి పడి వీపు వైపు భాగం మూసుకుపోతుంది. బోర్లా తిప్పితే ఆ భాగం తెరుచుకుని రక్తంలోకి ఆక్సిజన్ బాగా ఎక్కుతుంది. 2013లో వచ్చిన అధ్యయనంలో, తీవ్రంగా ఉన్నవాళ్లను ఒక్కో విడత కనీసం 16 గంటలు ఇలా ఉంచితే 28 రోజుల్లో మరణాలు దాదాపు 33 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి.

ముఖం ఉబ్బి ఉంటుంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వెల్లకిలా తిప్పాక చాలావరకు తగ్గుతుంది. తిప్పేటప్పుడు ఒకరు తల దగ్గరే నిలబడి గొంతులోని ట్యూబు జారకుండా పట్టుకుంటారు. ఆ ఒక్క పని మీదే వాళ్ల ధ్యాసంతా ఉంటుంది.

వెంటిలేటర్‌లో గాలి తక్కువ పెట్టారని టెన్షన్ పడొద్దు. ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువుకు ఒక్కో శ్వాసకు కిలోకు 6 మి.లీ. చొప్పున, కావాలనే తక్కువ ఇస్తారు. ఎక్కువైతే ఊపిరితిత్తులే దెబ్బతింటాయి.

ఈ స్థితిలో పుత్తూరు మీదుగా అంబులెన్స్‌లో అంత దూరం కదిలించడం ప్రమాదం. రెండో అభిప్రాయం కావాలంటే రిపోర్టులు పట్టుకుని తిరుపతిలోనే ఉన్న స్విమ్స్ ఆసుపత్రిలో చూపించండి. బోర్లా ఉంచినా ఆక్సిజన్ పెరగకపోతే ఎక్మో (రక్తాన్ని ఒంటి బయట యంత్రంలోకి పంపి ఆక్సిజన్ ఎక్కించే పద్ధతి) గురించి మీ డాక్టరునే అడగండి. తరలించాల్సి వస్తే ఆ ఏర్పాటు ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకునే చేయాలి.