మీటరు మార్చే రోజే ఐసొలేటర్ పెట్టించుకో

చిట్టీ,

ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో కొన్న ఇంటికి స్మార్ట్ మీటరు పెట్టడానికి కరెంటు సప్లయరువాళ్ళు తేదీ ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. ఈ ఏడాదిలోనే పాత ఫ్యూజు బాక్సు మార్పించాలని, ఎలక్ట్రిక్ కారుకి చార్జరు పెట్టించాలని కూడా అనుకుంటున్నారట. అలాగైతే మీటరు మనిషి వచ్చేలోపు ఒక ఏర్పాటు చేసుకోండి. మీటరుకీ ఫ్యూజు బాక్సుకీ మధ్య ఐసొలేటర్ స్విచ్, అంటే బాక్సుకి వచ్చే కరెంటుని పూర్తిగా తెంపే స్విచ్, ఒకటి పడాలి. పెట్టమంటారా అని వాళ్ళు అడగరు. మనమే అడగాలి, అదీ ముందుగా.

మీ మెట్ల కింద అర తెరిచి చూడు. నేలలోంచి లావుపాటి కేబుల్ ఒకటి పైకి వచ్చి నల్లటి డబ్బాలోకి దూరుతుంది. దాన్ని ఇక్కడ కూడా కటౌట్ అనే అంటారు. మెయిన్ ఫ్యూజు ఉండేది అందులోనే. 60, 80, 100 ఆంపుల్లో ఏదో ఒకటి ఉంటుంది. కటౌట్‌లోంచి రెండు మందపాటి వైర్లు మీటరుకీ, మీటరు నుంచి ఇంకో రెండు మీ ఫ్యూజు బాక్సుకీ వెళ్తాయి. ఈ వైర్లని టెయిల్స్ అంటారు. ఆ కేబుల్, కటౌట్ నెట్‌వర్క్ కంపెనీవి, అంటే వీధి లైన్లు నడిపేవాళ్ళవి. రెడింగ్‌లో అయితే స్కాటిష్ అండ్ సదరన్ వాళ్ళు. మీటరు బాధ్యత మీరు నెలనెలా బిల్లు కట్టే సప్లయరుది. మీటరు దాటాక వచ్చే టెయిల్స్ దగ్గర్నుంచి అంతా మీది. ఈ వాటాలు తెలియకపోతే ఎవరికి ఫోన్ చేసినా ఇంకొకరి నంబరు ఇస్తారు.

ఫ్యూజు బాక్సులో మెయిన్ స్విచ్ ఉంది కదా, మళ్ళీ ఇంకోటి ఎందుకని అల్లుడు అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆ మెయిన్ స్విచ్ ఆపితే ఇల్లంతా చీకటవుతుంది, నిజమే. కానీ స్విచ్ పై భాగానికి వచ్చి చేరే టెయిల్స్‌లో కరెంటు అలాగే ఉంటుంది. బాక్సు మొత్తం మార్చాలంటే ఎలక్ట్రీషియన్ ఆ టెయిల్స్‌నే విప్పాలి. వాటిలో కరెంటు ఆపే దారి ఒక్కటే, కటౌట్‌లో మెయిన్ ఫ్యూజు పీకడం. దానికి సీలు ఉంటుంది. దాన్ని తెంపే హక్కు మీకూ లేదు, మామూలు ఎలక్ట్రీషియన్‌కీ లేదు. కాబట్టి సప్లయరుకి ఫోన్, క్యూలో పాట, అపాయింట్‌మెంట్, తర్వాత మళ్ళీ కలపడానికి ఇంకో అపాయింట్‌మెంట్. మధ్యలో ఐసొలేటర్ ఉంటే ఈ తతంగం ఏమీ ఉండదు. ఎలక్ట్రీషియన్ దాన్ని ఆపి, తాళం వేసి, టెస్టరుతో చూసుకుని పని మొదలుపెడతాడు. రేపు కారు చార్జరుకీ, ఎల్లుండి సోలారు పెట్టించినా, అదే స్విచ్ పనికొస్తుంది.

మీటరు మార్చాలంటే వాళ్ళు ఎలాగూ ఆ సీలు తీస్తారు, ఫ్యూజు పీకుతారు, టెయిల్స్ విప్పుతారు. ఆ కాసేపట్లో నాలుగు స్క్రూలు ఎక్కువ బిగిస్తే సరిపోయే పని, తర్వాత చేయించాలంటే వేరే విజిట్టు, దానికి వేరే ఖర్చు. అందుకే ఆ రోజే కానివ్వమంటున్నాను.

ఇప్పుడు సప్లయరుకి ఫోన్ చేసి ఏం అడగాలో చెప్తాను. "మీటరు మార్చేటప్పుడు 100 ఆంపుల డబుల్ పోల్ ఐసొలేటర్ పెడతారా? ఉచితమా, డబ్బు కట్టాలా?" కొందరు ఉచితంగా పెడతారు, కొందరు చార్జ్ చేస్తారు, కొందరు అసలు ముట్టుకోం అంటారు. ముట్టుకోం అంటే రెండో ప్రశ్న వెయ్యి: "మా ఎలక్ట్రీషియన్ ఐసొలేటర్ బిగించి టెయిల్స్ రెడీగా ఉంచితే, మీ మనిషి వాటిని మీటరుకి కలుపుతాడా?" దీనికి చాలామంది సరే అంటారు. జవాబు ఏదైనా ఈమెయిల్లో పెట్టమను. కాల్ సెంటర్ అమ్మాయి సరే అన్న మాట మీటరు మనిషి ఫోనులో ఉండే జాబ్ షీట్ దాకా చేరుతుందన్న నమ్మకం నాకు లేదు. ఆ రోజు నీ చేతిలో ఈమెయిల్ ఉంటే గుమ్మం దగ్గర వాదన ఉండదు.

రెండో దారి పట్టాల్సి వస్తే ఎలక్ట్రీషియన్‌ని మీటరు రోజున కాదు, ముందు రోజు పిలిపించు. మీటరువాళ్ళు ఉదయమనో మధ్యాహ్నమనో స్లాటు ఇస్తారు, గంట చెప్పరు. వాళ్ళ కోసం ఎలక్ట్రీషియన్ మీ వంటింట్లో టీ తాగుతూ కూర్చుంటే ఆ గంటలకీ బిల్లు వేస్తాడు. ముందే వచ్చి గోడ మీద చెక్కకి ఐసొలేటర్ డబ్బా బిగించి, దాన్నుంచి మీటరు వైపు సరిపడా టెయిల్స్ వదిలి వెళ్తే చాలు. అటు మీటరులో అతను చెయ్యి పెట్టకూడదు. ఎన్ఐసీఈఐసీ, నాపిట్ అని ఎలక్ట్రీషియన్లని రిజిస్టరు చేసే సంస్థలున్నాయి, వాటిలో దేన్లోనైనా రిజిస్టరైన మనిషినే చూసుకో. ఫ్యూజు బాక్సు మార్చాక బిల్డింగ్ రెగ్యులేషన్స్ కింద నోటిఫై చేసి సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అతనే. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ సొలిసిటర్ ఆ కాగితం అడుగుతాడు.

ఐసొలేటర్ పెద్ద ఖరీదు కాదు, 20, 30 పౌండ్లలో వస్తుంది. డబుల్ పోల్ తప్పనిసరి, అంటే ఫేజునీ న్యూట్రల్‌నీ ఒకేసారి తెంపాలి. టెయిల్స్ 25 స్క్వేర్ ఎమ్ఎమ్ ఉండాలి. పాత ఇళ్ళలో 16 కనిపిస్తుంది. అలా ఉంటే ఇదే అదనుగా మార్పించెయ్, కారు చార్జరు ఒక్కటే 32 ఆంపులు లాగుతుంది. ఇంకో మాట, ఐసొలేటర్ ఉత్త స్విచ్ మాత్రమే. అందులో ఫ్యూజు లేదు, లోడు ఎక్కువైతే దానంతట అది ట్రిప్ అవదు.

స్మార్ట్ మీటరులోనే కరెంటు ఆపే స్విచ్ ఉంటుందట కదా అని ఎవరైనా అంటే, ఉంటుంది. అది సప్లయరు దూరం నుంచి ఆపడానికి, ప్రీపెయిడ్‌లో డబ్బు అయిపోయినప్పుడు ఆగడానికి. తాళం వేసే వీలు లేని దాన్ని నమ్ముకుని ఎవరూ టెయిల్స్ విప్పకూడదు.

ఫొటోల మాట. ఇప్పుడే ఆ అర ఖాళీ చేసి, లైటు వేసి నాలుగు ఫొటోలు తీసి ఉంచు. వైర్లు ఎరుపు నలుపుల్లో ఉంటే పాత వైరింగు, 2004 తర్వాత వచ్చినవి బ్రౌన్, బ్లూ. మీటరు పక్కన ఐసొలేటర్‌కి అరచేతంత జాగా ఉందా, చెక్క పుచ్చి ఉందా చూడు. మీ పక్కింటివాళ్ళకీ మీకూ ఒకే కేబుల్ నుంచి సప్లై వస్తోందేమో కూడా చూడాలి. కటౌట్ నుంచి ఇంకో లావుపాటి కేబుల్ గోడ అవతలికి పోతుంటే అది లూప్డ్ సప్లై కావచ్చు. అలాంటిదైతే కారు చార్జరుకి ముందు నెట్‌వర్క్ కంపెనీ వచ్చి విడదీయాల్సి రావచ్చు, దానికి నెలలు పట్టొచ్చు. కటౌట్ మీద 100 అని అచ్చు ఉందని మురిసిపోకు. అది డబ్బా తట్టుకోగల హద్దు. లోపల 60 ఫ్యూజే ఉండొచ్చు. మీటరు మనిషి దాన్ని పీకినప్పుడు ఎంత ఉందో చూసి చెప్పమను. ఆ ఒక్క అంకె చార్జరు పెట్టేవాడికి బోలెడంత పని తగ్గిస్తుంది.

పాత బోర్డుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అనుమానం వస్తే మీటరు మనిషి పని ఆపి వెళ్ళిపోతాడు. అతని మీద కోప్పడకండి.

ఆ రోజు కరెంటు కాసేపు పోతుంది. గ్యాసు మీటరు కూడా మారుస్తుంటే స్టవ్ వెలగదు, కాబట్టి వంట ముందే కానిచ్చెయ్. రౌటరు ఆగిపోతుంది, ఆ టైములో ఆఫీసు కాల్ పెట్టుకోవద్దని అల్లుడికి చెప్పు. ఫ్రిజ్ తలుపు తీయకపోతే దానికేమీ కాదు.

పని అయ్యాక మనిషిని పంపేసే ముందు ఒక నిమిషం నిలబడి చూడు. టెయిల్స్‌కి బయట రాగి కనిపించకూడదు. ఒక్కో టెయిల్‌నీ మెల్లగా ఊపి, కదల్లేదని అతన్నే చూపించమను, నువ్వు పట్టుకోకు. ఇంత లావు వైరులో రాగి పోగులు ఒకసారి బిగించాక కాస్త సర్దుకుంటాయి, రెండోసారి బిగిస్తేనే స్క్రూ గట్టిగా కూర్చుంటుంది. తొందరలో ఉన్నవాళ్ళు ఎగ్గొట్టేది ఈ రెండో బిగింపే. లూజుగా ఉంటే మొదట్లో ఏమీ తెలియదు. చలికాలంలో షవరు, ఓవెను, చార్జరు కలిసి నడిచిన సాయంత్రం అక్కడ వేడెక్కుతుంది. ప్లాస్టిక్ కాలే ముందు కుళ్ళిన చేపల్లాంటి వాసన వస్తుంది. మెట్ల కింద ఆ వాసన వస్తే ఎక్కువ కరెంటు లాగేవన్నీ ఆపేసి నెట్‌వర్క్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరు 105కి ఫోన్ చెయ్, ఆ నంబరుకి డబ్బు పడదు. కటౌట్‌కి కొత్త సీలు వేశాడో లేదో కూడా చూసుకో.

మన ఊళ్ళో ఫ్యూజు పోతే కారియర్ పీకి, రాగి తీగ చుట్టి మళ్ళీ పెట్టుకునే అలవాటు అల్లుడికి ఉందని నాకు తెలుసు. ఇక్కడ కటౌట్ జోలికి వెళ్ళొద్దని గట్టిగా చెప్పు. సీలు తెగితే కరెంటు దొంగతనం అనుమానం వస్తుంది, అది ఒక సంగతి. అసలు భయం ఏమిటంటే, ఆ ఫ్యూజుకి అవతల రక్షణగా వీధి సబ్‌స్టేషన్‌లోని పెద్ద ఫ్యూజు తప్ప ఇంకేదీ లేదు. అక్కడ షార్ట్ అయితే అది పోయేలోపు చేతులూ ముఖమూ కాలిపోతాయి. ఐసొలేటర్ ఆపినా మీటరు నుంచి దాని దాకా వచ్చే టెయిల్స్‌లో కరెంటు ఉంటుంది, ఇది కూడా గుర్తుంచుకోండి.

ఒకవేళ ఆ రోజు ఐసొలేటర్ కుదరకపోతే మీటరు మార్పించుకోవడం మానకండి. ఫ్యూజు బాక్సు కొటేషన్ తీసుకునేటప్పుడు, కరెంటు ఆపించే ఏర్పాటు ఎవరు చేస్తారో, దాని డబ్బు అందులో కలిసి ఉందో లేదో రాయించుకోండి. సంతకం పెట్టే ముందు ఆ కొటేషన్, నువ్వు తీసిన ఫొటోలు నాకు పంపు.

మీ మావయ్య