నాలుగు నెలల మంచం, ఒక త్రికోణమితి లెక్క

వెన్నెముక జబ్బుతో నెలల తరబడి మంచంలోనే ఉంటూ పాజిటివ్‌గా ఎలా ఉండాలి అని అడిగారు. నేను 2018 డిసెంబరు నుంచి నాలుగు నెలలు అలాగే ఉన్నాను. నడుము దగ్గర రెండు పూసలకు టీబీ. అంతకుముందు ఐదు నెలలు మా ఇంటి దగ్గరి క్లినిక్‌లో మామూలు నడుంనొప్పేనంటూ నొప్పి మాత్రలు ఇస్తూ పోయారు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, చూస్తుండగానే 6 కిలోలు తగ్గిపోయాను. ఈ మూడూ కలిసి ఉన్నాయని ఎవరు చెప్పినా ముందు ఎమ్మారై తీయించమంటున్నాను. ఆ ఐదు నెలల మీద కోపం నాకింకా పోలేదు.

ఇక మీ ప్రశ్న. పాజిటివ్‌గా ఉండాలని ప్రయత్నమే చేయకండి. చూడటానికి వచ్చినవాళ్లంతా యాపిల్స్ పెట్టి, "ధైర్యంగా ఉండమ్మా" అనేసి వెళ్లేవాళ్లు. వాళ్లు గుమ్మం దాటగానే నాకు ఏడుపొచ్చేది. రెండు గంటలకోసారి మా ఆయన, అత్తగారు దుప్పటి చెరో పక్క పట్టుకుని, నడుము మెలిపడకుండా నన్ను దుంగలా ఒక్కసారిగా తిప్పాలి. లేకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. అలా ఉన్న మనిషికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? మనతో ఎవరికో ఒకరికి అవసరం పడాలి. నాకు తెలిసిన మందు అదొక్కటే.

నేను లెక్కల టీచర్ని. జనవరిలో పదో తరగతి చదివే పక్కింటి పిల్లాడు త్రికోణమితి అర్థం కావట్లేదని వచ్చాడు. వెల్లకిలా పడుకుని ప్యాడ్ పైకెత్తి రాస్తుంటే నాలుగు అక్షరాలకే బాల్‌పెన్ ఆగిపోయింది. సిరా పైకి ఎక్కదు కదా. వాడు పరుగున వెళ్లి పెన్సిల్ తెచ్చాడు. కిటికీలోంచి ఎదురింటి మీద నీళ్ల ట్యాంకు కనిపించేది. "దాని ఎత్తెంతో కనుక్కుందాం" అన్నాను. కోణమానినికి దారం కట్టి, చివర తాళంచెవి వేలాడదీసి నా కంటి పక్కన పట్టుకున్నాడు. ఊర్ధ్వ కోణం, అంటే కంటి మట్టం నుంచి ట్యాంకు పైకి చూసే కోణం, 30 డిగ్రీలు. టేపుతో కొలిస్తే ఎదురింటి గోడ దాకా 12 మీటర్లు. "7 మీటర్లకు కొంచెం తక్కువ, టీచర్" అన్నాడు. "మరి నా కన్ను నేల మీద ఉందా?" అన్నాను. కాసేపు ఆలోచించి, మళ్లీ టేపు తీసి నేల నుంచి నా కంటి దాకా కొలిచాడు. 60 సెంటీమీటర్లు. అది కలిపితే ఏడున్నర.

ఈలోగా అత్తగారు వచ్చి తిప్పే టైమైందన్నారు. "ఈ లెక్క అవ్వనివ్వండి అత్తయ్యా" అన్నాను. మంచం ఎక్కాక ఒకరిని నేను ఆగమనడం అదే మొదటిసారి.

మీదీ టీబీయే అయితే ఒక మాట. రిఫాంపిసిన్ అనే టీబీ మందుతో మూత్రం ఎర్రగా వస్తుంది. మాకెవరూ ముందు చెప్పలేదు, రక్తమనుకుని ఇంటిల్లిపాదీ హడలిపోయాం. మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. తిండికని అప్పట్లో నెలకు 500 రూపాయలు ఖాతాలో వేసేవాళ్లు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఆకలి లేకపోయినా గుడ్డు మానకండి.

డాక్టరు కదలొద్దన్నంత కాలం కదలకండి. కానీ పాల లెక్కో, పిల్లల హోంవర్కో, ఇంట్లో ఏదో ఒక పని మీరే చూస్తానని పట్టుబట్టండి. పెన్సిళ్లు మాత్రం రెండు పెట్టుకోండి. ఒకటి మంచం కింద పడితే, తీసిచ్చేవాళ్లు వచ్చేదాకా రెండోదానితో రాసుకోవచ్చు.