స్టేడియం పెరిగితే టికెట్ ధర దిగుతుందా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో ఇప్పుడు 61 వేల మంది పడతారు కదా, మరి అక్కడ మ్యాచ్ టికెట్ మామూలు వాళ్లకి అందేలా ఎందుకు తగ్గదండీ?

జవాబు: సీట్లు ఎన్ని పెంచినా కొనేవాళ్లు అంతకన్నా ఎక్కువే ఉన్నారండీ, అదీ అసలు సంగతి. 2016లో కొత్త మెయిన్ స్టాండ్ కడుతూనే అందులో కొన్ని సీట్లకి 77 పౌండ్లు పెడతామన్నారు. సండర్‌లాండ్‌తో ఆట సాగుతుండగా సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది అభిమానులు లేచి బయటికి నడిచారు, అప్పటికి 2-0తో ముందున్న లివర్‌పూల్ చివరికి 2-2తో సరిపెట్టుకుంది! నాలుగు రోజుల్లో యాజమాన్యం క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకుంది. నాకు మాత్రం జర్మనీలో డార్ట్‌మండ్ క్లబ్ పద్ధతే ఇష్టం. అక్కడ దక్షిణ స్టాండ్‌లో దాదాపు 25 వేలమంది నిలబడే చూస్తారు, టికెట్ కూర్చునే చోటుకన్నా బాగా చవక.